కసరత్తులో నిలకడ

శరీరానికి శ్రమ అవసరమని వాదించి ఒప్పించవలసిన కాలం గడచిపోయింది. కర్నూలు, కడప పట్టణాలలోనే గాక నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు వంటి చోట్ల కూడా వ్యాయామశాలలు, వాడుకమాటలో జిమ్ములు, వెలసినవి. ఏడాది రుసుము ఒక్కసారిగా చెల్లించేవారున్నారు. బరువులెత్తుటకు ఒక జత బూట్లు, పరుగుకు మరొక జత కొనేవారున్నారు. ప్రారంభంలో లోపమేమీ లేదు. అయితే జనవరి మొదటివారంలో కాలు పెట్టుటకు చోటులేని శాలలో శివరాత్రినాటికి సగం ఇనుపబిళ్లలు కదలకుండా పడివుంటవి. ఎందువల్ల మానివేశారని అడిగితే పనులు, ప్రయాణాలు, పిల్లల పరీక్షలు అని వరుసగా చెప్పి, చివరకు "మొదట్లో ఉన్న ఉత్సాహం ఇప్పుడు లేదండీ" అంటారు. ఆ చివరిమాటను గురించే ఈ ప్రసంగం. మొదటి నెలను గురించి కాదు, రెండవ నెలను గురించి.

ఉత్సాహం మన సీమలోని వానవంటిది. వచ్చినప్పుడు ఉద్ధృతంగా వస్తుంది. ఆ తరువాత వారాల తరబడి ముఖం చాటు చేస్తుంది. ఈ సంగతి బాగుగా ఎరిగినవాడు గనుకనే రాయలసీమ రైతు కుంటకు గట్టు వేసి, పడిన నీటిని నిలుపుకొన్నాడు. రోజూ కురుస్తుందని నమ్మి పైరు పెట్టలేదు. కసరత్తు చేయదలచినవారు మాత్రం ప్రతి ఉదయం లోపలినుండి ఉత్సాహం పొంగి వచ్చి తమను మంచం మీదినుండి లేపుతుందని ఎదురుచూస్తారు. అది లేపదు. లేపగలిగినవి వేరే ఉన్నవి. అవి ఏమిటో మన పల్లెలను చూస్తే తెలుస్తుంది.

ఉగాదికో, గ్రామదేవత తిరునాళ్లకో మన ప్రాంతపు గ్రామాలలో ఎడ్ల బండలాగుడు పందేలు జరుగుట శ్రోతలందరికీ తెలిసినదే. ఎడ్లకు ఉన్నట్లే మనుష్యులకూ పందేలున్నవి. రాతిగుండు ఎత్తుట, ఇసుకమూట ఎత్తుట, బండి ఇరుసు ఎత్తుట. వీటిలో గుండు అన్నిటికంటె కఠినమైనది. దానికి పట్టుకొనుటకు పిడి లేదు, అంచు లేదు. గొంతుకూర్చుని, రెండు ముంజేతులతో కౌగిలించుకొని, ముందు తొడల మీదికి ఈడ్చుకొని, అక్కడ ఊపిరి నిలిపి, పొట్టకు ఆనించి లేచి, రొమ్ము మీదికి, అక్కడినుండి భుజం మీదికి తెచ్చి వెనుకకు పడవేయవలెను. చేతుల బలం ఒక్కటే చాలదు. కాళ్లు, నడుము, పట్టు, ఊపిరి అన్నీ ఒకేసారి పనిచేయాలి.

ఇందులో ఒక కుర్రవాని సాధన ఎట్లా సాగుతుందో గమనించండి. మొదటి ఏడు గుండు నేల విడువదు. మరుసటి ఏడు తొడలదాకా వస్తుంది. తరువాత రొమ్ముకు, ఆ తరువాత భుజానికి. ఎంతవరకు ఎత్తినాడో ఊరంతా చూస్తుంది, చూసి మరచిపోదు. "పోయిన ఉగాదికి తొడల మీదికి తెచ్చినాడు, ఈసారి చూడాల" అని అరుగు మీది పెద్దలు అనుకొంటారు. అతనికి ఉత్సాహమున్నదా లేదా అని ఎవరూ అడగరు. ముందు ఒక తేదీ ఉన్నది. ప్రక్కన తోటివారున్నారు. ఎదుట కొలతకు తప్పని గుండు ఉన్నది. ఈ మూడూ కలిసి, పొలంపని ముగించుకొని అలసివచ్చినవానిని కూడా సాధనకు లాగుతవి.

పట్టణాలలో ఈ పని గరిడీలు, తాలింఖానాలు చేసినవి. తాలీం అనే అరబ్బీ మాటకు శిక్షణ, బోధన అని అర్థం. కండలు అని కాదు. అక్కడ దండీలు, బస్కీలు, కర్రసాము, కుస్తీ అన్నీ వస్తాదు కనుసన్నలలో నడిచేవి. రెండు రోజులు గోదాలోకి దిగని శిష్యుని గురించి మూడవనాడు ఆయన అడుగుతాడు. ఆ అడిగే మనిషి ఉండుట ఎంత గొప్ప సదుపాయమో, లేనప్పుడుగాని తెలియదు. బలప్రదర్శనలకు దేశమంతటా పేరుపొందిన కోడి రామమూర్తినాయుడు కూడా సర్కసులోకి పోకముందు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసినవాడే.

అంతమాత్రాన ఆ పాతకాలమంతా బంగారమని నా అభిప్రాయం కాదు. గుండు ఎత్తబోయి నడుము పట్టుకొని జీవితాంతం బాధపడినవారికి పేరు రాలేదు. ఆ రచ్చలో ఆడపిల్లకు చోటే లేదు. కాని మనం ఆ పద్ధతిలోని ప్రమాదాన్ని వదలుకొనే తొందరలో దాని కట్టుబాటును కూడా వదలుకొన్నాము.

నేటి వ్యాయామశాలలో ఆ మూడింటి స్థానంలో ఒక అద్దం ఉన్నది. సాధకుడు చెవులలో పాట పెట్టుకొని, ఎవరితోనూ మాట్లాడక, ఏ తేదీనీ ఉద్దేశించక, అద్దంలో తనను తాను చూచుకొంటాడు. అద్దం మంచి సాక్షి కాదు. కారణం శరీరధర్మంలోనే ఉన్నది. బరువులెత్తుట మొదలుపెట్టిన తొలి ఆరేడు వారాలలో మనిషికి పెరిగే బలం చాలవరకు కండ పెరిగినందువల్ల వచ్చేది కాదు. మెదడు, నరాలు ఉన్న కండనే మరింత చక్కగా పనికి పిలుచుట నేర్చుకొంటవి. అప్పటిదాకా నిద్రలో ఉన్న కండపోగులు కూడా పనిలోకి వస్తవి. ఒకదానికొకటి అడ్డుపడకుండా కలిసి లాగుట అలవరచుకొంటవి. కండ కంటికి కనబడేటట్లు పెరుగుట ఆ తరువాతి సంగతి. అందువల్ల రెండవ నెలలో అద్దాన్ని అడిగినవానికి "ఏమీ జరగలేదు" అనే జవాబు వస్తుంది. అదే మనిషి ఒక నోటుపుస్తకంలో తాను ఎత్తిన బరువు వ్రాసుకొని ఉంటే, ఇరవై కిలోలతో ఆయాసపడినవాడు ముప్పై కిలోలు ఎత్తుతున్నట్లు అందులో కనబడివుండేది. మానివేసినవారిలో చాలామంది బలం పెరుగుతూ ఉండగానే, అది కనబడక, మానివేసినవారని నా ఊహ.

ఈ నోటుపుస్తకం వెనుక ఒక చరిత్ర కలదు. రెండవ ప్రపంచయుద్ధం చివరి సంవత్సరాలలో, అమెరికాలోని షికాగో నగరంలో, థామస్ డిలోర్మ్ అనే సైనిక వైద్యుడుండేవాడు. చిన్నతనంలో జబ్బుపడి, కోలుకొన్న పిమ్మట బరువులెత్తి బలం కూడగట్టుకొన్నవాడాయన. యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిని తొడలు చిక్కిపోయిన సైనికులకు ఆనాటి ఆసుపత్రులలో తేలికపాటి కదలికలే ఎక్కువసార్లు చేయించేవారు. డిలోర్మ్ అందుకు భిన్నంగా, పదిసార్లు మాత్రమే ఎత్తగలిగిన బరువును లెక్కకట్టి, దానిని క్రమక్రమంగా పెంచుతూ పోయినాడు. 1945లో ఆ ఫలితాలను ప్రకటించినాడు. నేడు ప్రపంచంలోని ప్రతి జిమ్ములోనూ నడుస్తున్నది దాదాపు ఆ పద్ధతే. కండకు లాభం సరే. మంచం మీద విసిగివున్న సైనికునికి ప్రతివారం పెరిగే ఒక అంకె దొరికింది. అది కూడా మందే అయివుంటుంది.

బరువుల మాట అట్లా ఉండగా, గుండెకూ ఊపిరితిత్తులకూ పనిచెప్పే నడక, పరుగు, సైకిలు, ఈత సంగతి మరొకటి. వీటిని నేడు కార్డియో అంటున్నారు. వీటి విలువను లోకానికి చాటినది ఏ క్రీడారంగమూ కాదు, లండను నగరపు బస్సులు. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక పరిశీలన ప్రకటించినారు. రెండంతస్తుల బస్సులో రోజంతా కూర్చుండే డ్రైవర్లకంటె, టిక్కెట్ల కోసం మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తున్నదని అందులో తేలింది. ఒకే బస్సు, ఒకే ఊరు. తేడా మెట్లలో ఉన్నది. వేరుశనగ మూటలు మోసిన తండ్రికీ, కంప్యూటరు ముందు కూర్చున్న కొడుకుకూ మన ఇళ్లలో ఏర్పడిన తేడా ఇటువంటిదే. మనదేశంలో మధుమేహం ఉన్నవారు పదికోట్లమందికి పైగా ఉన్నారని 2023లో ప్రకటితమైన అంచనా చెబుతున్నది. కొడుకు కసరత్తు చేయుట సరదా కోసం కాదన్నమాట.

ఎంత చేయాలి? ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యరకపు శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు పనిచెప్పే వ్యాయామం. మధ్యరకం అంటే, నడుస్తూ మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. దీనికి ట్రెడ్‌మిల్లు తప్పనిసరి కాదు. సుంకేసుల నుండి కర్నూలు మీదుగా కడపదాకా సాగే కె.సి. కాలువను 19వ శతాబ్దంలో నీటిపారుదలకూ పడవలకూ తవ్వించినారు. దాని గట్టు మీద తెల్లవారుజామున నలుగురు కలిసి నడిస్తే తవ్వించినవారు అభ్యంతరం చెప్పరు. నలుగురు అని ఊరికే అనలేదు. "రేపు రావా?" అని అడిగేవారు ఆ నలుగురిలో ఉంటారు.

మన ప్రాంతంలో సాధన తెగిపోయేది ఎక్కువగా వేసవిలో. కర్నూలు, నంద్యాలలలో పగటివేడి 40 డిగ్రీలు దాటిన రోజులలో పట్టుదలను చూపబోవుట అవివేకం. సూర్యోదయానికి ముందే ముగించుకొనవలెను. మజ్జిగ, ఉప్పు కలిపిన నీరు త్రాగవలెను. మరీ ఎండ ముదిరితే ఇంట్లోనే దండీలు, బస్కీలతో సరిపెట్టుకొనవచ్చును. రెండుమూడు వారాలు పూర్తిగా మానితే ముందు తగ్గేది దమ్ము. బలం అంత త్వరగా పోదు. కాబట్టి తిరిగి మొదలుపెట్టినప్పుడు పాతవేగంతో పరుగెత్తి, ఆయాసం చూచి నిరుత్సాహపడనవసరం లేదు. కొంత తగ్గించి మొదలుపెడితే కొద్దివారాలలో పాతస్థితికి చేరవచ్చును.

అలవాటు ఎన్నాళ్లకు స్థిరపడుతుందనే ప్రశ్నకు మనవారు మండలం, అంటే నలభై నలభైయొక్క రోజులు, అని లెక్క చెబుతారు. లండను యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో 96 మందిని పరిశీలించి ప్రకటించిన ఫలితం ఇంకా ఎక్కువ. సగటున 66 రోజులు. కొందరికి 18 రోజులే. కొందరికి 254 రోజుల వరకూ పట్టవచ్చునని అంచనా. అందులో నాకు ముఖ్యంగా తోచిన విషయం మరొకటి. మధ్యలో ఒకరోజు తప్పినంతమాత్రాన అలవాటుకు చెప్పుకోదగిన నష్టం కలుగలేదు. దీక్షలు పట్టే అలవాటుగల మనకు ఇది తప్పక తెలియవలసిన సంగతి. ఒకరోజు తప్పితే దీక్ష భంగమైనదని మాల తీసివేసినట్లు కసరత్తును కూడా మానివేస్తున్నాము. కసరత్తు దీక్ష కాదు. నిన్న తప్పినవాడు ఈరోజు పోవచ్చును.

రెండవ నెలలో ఎదురయ్యే మరొక చిక్కును చెప్పక తప్పదు. కండ కనబడలేదని తొందరపడేవానికి అడ్డదారి చూపేవారు సిద్ధంగా ఉంటారు. పొడులు కొన్ని అనవసరపు ఖర్చు మాత్రమే. కాని వైద్యుని సలహా లేకుండా తీసుకొనే హార్మోను సూదిమందులు, మాత్రలు గుండెకూ కాలేయానికీ ముప్పు తెస్తవి. సంతానశక్తిని కూడా దెబ్బతీస్తవి. ఇరవైయేళ్ల కుర్రవాని చేత వాటిని కొనిపించేది కూడా ఆ అద్దమే. రాగిసంగటి ప్రక్కన ఉలవచారు, పప్పు, గుడ్డు, పెరుగు, వేయించిన వేరుశనగలు ఉన్న పళ్లెం సామాన్యసాధకునికి తక్కువది కాదు. ఉలవలలో నూటికి ఇరవై పాళ్లకు మించి మాంసకృత్తులున్నవి.

స్త్రీల సంగతి మిగిలివున్నది. ఇంటిపనే వారికి చాలునని అనేవారు మగవారు, వైద్యులు కారు. నలభై దాటిన స్త్రీకి ఎముకల గట్టిదనం నిలుపుటకు బరువులతో కూడిన వ్యాయామం ఎంతో మేలు. ఈ విషయంలో తెలుగువారికి సాక్ష్యం దూరదేశం నుండి తేనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న వద్ద తొలిపాఠాలు నేర్చిన కరణం మల్లేశ్వరి 1994, 1995 సంవత్సరాలలో ప్రపంచవిజేత అయినది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సులో, స్త్రీలకు బరువులెత్తే పోటీ మొదటిసారిగా పెట్టిన ఆ క్రీడలలో, 110 కిలోలు, 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం పొందినది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. చివరి ప్రయత్నంగా 137.5 కిలోలకు పూనుకొని ఎత్తలేకపోయింది. ముందున్న ఇద్దరూ ఎత్తిన మొత్తం 242.5 కిలోలు. ఏళ్ల సాధన తరువాత తేడా రెండున్నర కిలోలు! ఆ రెండున్నర కిలోల విలువ తెలిసినవారు తమ పుస్తకంలో ఒక్క కిలో పెరిగినా చిన్నచూపు చూడరు.

పోటీలు, పతకాలు అక్కరలేని వృద్ధులు కూడా ఈ లెక్కలోనివారే. రక్తపుపోటు, గుండెజబ్బు ఉన్నవారు ముందు వైద్యుని అడిగి, ఆ తరువాత ఈ చిన్నపరీక్ష చేసుకొనవచ్చును. చేతులులేని గట్టికుర్చీని గోడకు ఆనించి, అందులో కూర్చుని, చేతులు రొమ్మున కట్టుకొని, 30 సెకండ్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. గడియారం చూచుటకు మనుమనినో మనుమరాలినో పిలవండి. వచ్చిన అంకెను గోడమీది క్యాలెండరులో ఈనాటి తేదీ ప్రక్కన వ్రాయండి. వారానికి రెండుమూడు నాళ్లు అట్లా లేచి కూర్చునే సాధన చేయండి. వచ్చేనెల ఇదే తేదీన మళ్లీ లెక్కపెట్టి, ఆ అంకెను దీని ప్రక్కన వ్రాయించండి.