చదువరి ప్రత్యుత్తరము



పల్లెటూరి గ్రంథాలయపు అరుగుమీద ఒకరు పత్రిక విప్పి చదువుచుండగా పదుగురు చుట్టుజేరి వినుట మనమెరిగినదే. ఒక గృహిణి తన వంటయింటిని గూర్చి వ్రాసినను, ఒక రైతు తన చేనిని గూర్చి వ్రాసినను, చదువుట ముగిసినతోడనే విన్నవారు ఊరకుండరు. "బాగుగా చెప్పినా"డని యొకరు, "వీనికేమి తెలియు"నని యొకరు తీర్పు చెప్పుదురు. వారిలో ఎవడో యొకడు కలము పట్టి పత్రికకు జాబు వ్రాసి పంపును. ఆ జాబును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. వ్రాయువానికి బాధ్యత కలదని అందరును అందురు. చదివి బదులు చెప్పువానికిని అంత బాధ్యతయు కలదని నేను కడు ఆలస్యముగా నేర్చుకొంటిని.

నిత్యజీవితమును గూర్చిన వ్యాసములకును చదువరుల జాబులకును గల పొత్తు నేటిది కాదు. 1711లో లండను నగరమున ఆడిసన్, స్టీల్ అనువారు స్పెక్టేటర్ అను పత్రికను వెలువరించి, జనుల నడవడిని, వేషభాషలను గూర్చి వ్రాయుచు, చదువరుల జాబులను కూడ ప్రకటించుచుండిరి. 1713లో గార్డియన్ అను మరియొక పత్రిక నడచునపుడు ఆడిసన్ ఒక కాఫీశాలలో సింహముఖము నొకదానిని పెట్టించెను. జాబు తెచ్చినవారు దానిని ఆ సింహపు నోట వేసి పోవుచుండిరి. మన పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు తమ సాక్షి వ్యాసములకు ఆ స్పెక్టేటరునే ఒరవడిగా గైకొనిరి. ఇంటి ముచ్చటగా మొదలై ఊరందరికిని తగులు మాటగా పెరుగుట ఇట్టి వ్రాతల స్వభావము. ఆ పెరుగుదలలో సగము పని చదువరిది.

ఇక నా తప్పు చెప్పుకొనెదను. నేను ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గొన్న తరువాత, ఒక చిన్న పత్రికలో ఒక పల్లెటూరి కోడలు తన దినచర్యను గూర్చి వ్రాసిన వ్యాసము చదివితిని. తెల్లవారకమున్నే బోరింగు వద్ద బిందెలు వరుసపెట్టుట, నడుము వంగిన అత్తగారు గోడ పట్టుకొని లేచుట, పిల్లల పండ్లు ఎంత తోమినను గారపట్టినట్లు పచ్చగానే యుండుట, ఇవియే అందలి సంగతులు. వ్యాసములో శషలు తారుమారయినవి, వత్తులు జారిపోయినవి. "బాధ" అను మాటను ఆమె వత్తు లేకయే "బాద" అని వ్రాసెను. నేను ఎర్రసిరా కలము తీసికొని, పదునెనిమిది తప్పులను వరుసగా నెత్తిచూపుచు పత్రికకు జాబు వ్రాసితిని. పత్రికవారు దానిని అచ్చువేసిరి. మిత్రులు మెచ్చుకొనిరి. నేనును మురిసితిని.

నెల తిరుగకమున్నే ఆమె జవాబు అచ్చయ్యెను. అది రెండే వాక్యములు: "పంతులుగారికి నమస్కారాలు. తమరు చూపించిన తప్పులన్నీ దిద్దుకున్నాను, మా నీళ్ల సంగతి కూడా ఒక్క మాట రాస్తారేమోనని ఎదురు చూశాను."

ఆ సంచికలోనే ఒక విజ్ఞానశాస్త్రోపాధ్యాయుని జాబును ఉండెను. అందు భాషను గూర్చి ఒక్క మాటయు లేదు. పిల్లల పండ్లకు పట్టిన గార, పెద్దల కీళ్లు బిగిసి నడుము వంగుట, ఈ రెండును ఒకే ఊర కనబడినచో నీటిలో ఫ్లోరైడు మిక్కుటముగా ఉన్నదేమోనని అనుమానింపవలయునని అతడు వ్రాసెను. నీటిని కాచినంత మాత్రమున ఆ దోషము పోదనియు, ఒక సీసాతో నీటిని ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయింపుడనియు చెప్పెను. ఆ జాబును ఊరిపెద్దలు చదివించుకొని నీటిని పరీక్షకు పంపిరి. అనుమానము నిజమయ్యెను. ఊరివారు ఆ బోరింగునకు ఎర్రరంగు పూసి, త్రాగుటకు వేరొక చోటినుండి నీరు తెచ్చుకొన మొదలిడిరి.

ఇది క్రొత్త రోగము కాదు. 1937లోనే షార్ట్ మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో దీనిని గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ జిల్లా దీనివలన పడిన బాధ లోకవిదితము. కొన్ని రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరగి చేరును. త్రాగునీటిలో అది లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు దారి లేనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్వవచ్చుననియు మన దేశపు ప్రమాణము. పటికయు సున్నమును కలిపి నీటిని తేర్చి వడకట్టు పద్ధతికి నల్లగొండ పద్ధతి యనియే పేరు వచ్చినది. పసితనమున, చిగురులోపలి పండ్లు రూపుగట్టునపుడే ఈ నీరు వానిని చెరచును. ఒకసారి వంగిన ముసలి నడుమును నిలువబెట్టుట వైద్యునకును శక్యము కాదు. కాని, ఇక పుట్టబోవు బిడ్డల పండ్లను, ఎముకలను కాపాడవచ్చును. ఆ యుపాధ్యాయుని జాబు చేసినది ఆ మేలే. నేనో, "బాధ" అను మాటలో వత్తు లేదని కనుగొంటినే కాని, ఆ మాటలోని బాధను కనుగొననైతిని.

వ్యాకరణము వలదని నా భావము కాదు. జీవితమంతయు దానినే బోధించితిని. తప్పును చూపుట వేరు, తప్పు దగ్గరనే ఆగిపోవుట వేరు. చూపదలచినచో ఆమెకు విడిగా ఒక కార్డు వ్రాసియుండవచ్చును. పదుగురిలో ఎర్రసిరా చల్లుటవలన ఒక యిల్లాలు మరల కలము పట్టకుండుటకు కారకుడనై యుందునే. ఆమె ధైర్యవంతురాలు గనుక నాకు బుద్ధి చెప్పగలిగెను. చెప్పలేక మౌనము వహించినవారెందరో!

అట్లని చదివినదెల్ల మెచ్చుకొనవలయుననియు కాదు. అన్యాయమైన మాటకు బదులు చెప్పియే తీరవలయును. దానికి సురవరము ప్రతాపరెడ్డిగారు చూపిన దారి యొకటి కలదు. తెలంగాణమున తెలుగు కవులు లేరను అర్థము వచ్చునట్లు ఒక వ్యాసము అచ్చయినపుడు, 1926 నుండి గోలకొండ పత్రికను నడుపుచుండిన ఆయన తిట్టుకు తిట్టు వ్రాసి ఊరకుండలేదు. ఊరూరి కవుల పద్యములను, వివరములను రప్పించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించెను. ఆ యాక్షేపణకు అంతకంటె గట్టి సమాధానమేమి కలదు? ఆక్షేపించిన వ్యాసము మాట మరుగునబడినను, ఆ సంచిక నేటికిని నిలిచియున్నది.

నేడు బదులు చెప్పుట మిక్కిలి సులభమైనది. ఊరిలోని పడుచువారు చేతి ఫోనులో క్షణములో చెప్పివేయుదురు. చెప్పుట సులభమగుకొలది చదువుట కురుచయగుచున్నది. మీ యరుగుమీద వారును కూర్చుందురు గదా! ఏదైన వ్రాత చదివినపుడు వారినొక ప్రశ్న యడుగుడు: "ఇది వ్రాసినవారికి కావలసినదేమి?" దానికి సమాధానము దొరకువరకు మెప్పును, తప్పును దాచియుంచుకొనుమనుడు. మీరెరిగిన సంగతి యేదైన వ్రాసినవారికి పనికివచ్చునని తోచినచో దానిని జోడింపుడు. మీ ఊర పాతబావి యేది తియ్యనిదో, ఏ బోరునీరు త్రాగి ఎవరి నడుము వంగినదో మీకు తెలిసినట్లు ఏ పత్రికాధిపతికిని తెలియదు.

నేనిప్పుడును పత్రికలకు జాబులు వ్రాయుచునేయున్నాను. ఎర్రసిరా కలమును మాత్రము పెట్టెలో పెట్టితిని.

సెలవు.