నత్త తొట్టెలో ఏం పరవాలి?

గాజు తొట్టెలో నత్తను పెంచాలంటే ముందు చూడాల్సింది అడుగున పరిచే మట్టి. నర్సరీలో దొరికే కోకోపీట్‌ను మంచినీళ్లతో రెండుమూడుసార్లు కడిగి, ఉప్పు పోగొట్టి, మూడు అంగుళాల మందాన పరవండి. గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. ఎరువు కలిపిన మట్టి వద్దు. శంషాబాద్ చుట్టూ దొరికే గ్రానైట్ రాళ్లూ వద్దు; నత్త అద్దం మీంచి జారి వాటిమీద పడితే గుల్ల పగులుతుంది. బెరడు ముక్క, ఎండుటాకులు, లోతులేని నీళ్ల మూకుడు చాలు. సున్నం కోసం కోడిగుడ్డు పెంకుల పొడి పెట్టండి. మన ఎండలకు రోజూ నీళ్లు చిలకరించకపోతే నత్త లోపలికి ముడుచుకుని, గుల్ల వాకిలికి పొర కట్టేసుకుంటుంది. మోజు తీరిందని మాత్రం తోటలో వదలకండి. 1847లో కలకత్తాలో వదిలిన ఆఫ్రికా రాక్షస నత్తల సంతతి ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో పంటలు తినేస్తోంది.