ఇంటిలోపల రంగుల మొక్కలు

తెలుగువారి ఇండ్లలో మొక్కకు చోటు కొత్తగా ఏర్పడినది కాదు. ముంగిట తులసి, దొడ్డిలో మందారం, నందివర్ధనం, వీధి గుమ్మానికి ఇరువైపులా క్రోటన్లు ఎన్నో ఏండ్లుగా మనకు పరిచయమైనవే. అయితే ఇవన్నీ ఇంటికి వెలుపల పెరిగే మొక్కలు. మండువా లోగిళ్లు, పెంకుటిండ్లు తగ్గి, దొడ్డి లేని డాబాలు పెరిగిన తరువాత మొక్క గడప దాటి లోపలికి వచ్చినది. పూలమొక్కలలో ఎక్కువ వాటికి నిండు ఎండ కావలె. గదిలోపల అంత ఎండ ఉండదు. అందుచేత పూవు చేయవలసిన పనిని రంగుటాకు చేస్తున్నది. ఎర్రని అగ్లోనిమా, పసుపు చారల మనీప్లాంటు, గులాబి మచ్చల కలాడియం ఈనాడు తిరువూరు వంటి చిన్న పట్టణాలలో సైతం ముందుగదిని అలంకరిస్తున్నవి.

కొన్ననాడు కన్నులపండువుగా ఉన్న మొక్క రెండు నెలలలో వాడి, ఆకు రాల్చి, కుండీలో ఎండుపుల్లగా మిగిలిపోవడం కూడ అంత సాధారణంగానే జరుగుతున్నది. అప్పుడు ఇంటిలోనివారు ఇల్లాలితో, “నీ హస్తవాసి మంచిది కాదు, నీ చేతిలో మొక్క బతకదు” అంటారు. ఆమెయు ఆ మాట నమ్మి, మరి మొక్క జోలికి పోదు. ఈ ప్రసంగంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది ఒక్కటే. మొక్క బతకడం, బతకకపోవడం హస్తవాసిమీద ఆధారపడి లేదు. దానికి మనమిచ్చిన చోటు, ఆ చోటుకు తగిన మొక్కను ఎన్నుకొనడం, నీరు పోయడంలో నిదానం, ఈ మూడింటిమీద ఆధారపడి ఉన్నది. ఈ మూడూ నేర్చుకొనదగినవే.

మన ప్రాంతానికి వచ్చే కుండీ మొక్కలలో చాలాభాగం తూర్పు గోదావరి జిల్లా కడియం ప్రాంతంలో పెరిగినవి. కడియపులంక, కడియపుసావరం, బుర్రిలంక, వేమగిరి గ్రామాలలోని నర్సరీలు దేశమంతటికీ మొక్కలు పంపుతున్నవి. అక్కడ గోదావరి కాలువల నీరు, తేమగల గాలి, నెత్తిన పచ్చని నీడవలలు. అక్కడినుంచి లారీలో వచ్చి తిరువూరులో దిగిన మొక్కకు ఎదురయ్యేది మెట్ట ప్రాంతపు పొడిగాలి. మామిడికి ఈ నేల, ఈ ఎండ నచ్చినవి కాబట్టే తిరువూరు, విస్సన్నపేట, నూజివీడు చుట్టూ అన్ని మామిడి తోటలు ఉన్నవి. కాని మనం గదిలో పెట్టుకొనే మొక్కల స్వభావం వేరు. అవి పుట్టినది వానలు మెండుగా గల అడవులలో. మనీప్లాంటు పసిఫిక్ మహాసముద్రంలోని మొఒరియా దీవికి చెందినది. అగ్లోనిమా, కోలియస్ ఆగ్నేయాసియావి. కలాడియం దక్షిణ అమెరికాది. పెద్దచెట్ల నీడలో, తడిగాలిలో బతకడానికి అలవాటుపడిన జాతులివి.

పొడిగాలి ఇటువంటి మొక్కలకు ఎంత హానికరమో పూర్వం ఓడలలో మొక్కలు తెచ్చినవారికి బాగా తెలుసు. ఉప్పుగాలికి, తేమలేమికి నెలల ప్రయాణంలో ఎన్నో మొక్కలు చనిపోయేవి. 1829లో లండన్‌లో నెథానియల్ వార్డ్ అనే వైద్యుడు, మూత పెట్టిన సీసాలోని తడిమట్టిలో ఒక ఫెర్న్ మొక్క తనంత తానే మొలిచి బతకడం చూచినాడు. ఆ ఆధారంతో గాజుపెట్టెలు చేయించి, 1833లో వాటిలో మొక్కలను పెట్టి ఆస్ట్రేలియాకు పంపితే అవి క్షేమంగా చేరినవి. సీసాలో జరిగినదేమంటే, ఆకు విడిచిన తేమ బయటికి పోక, మరల మట్టికే చేరినది. మనకు గాజుపెట్టెలు అక్కరలేదు. మన వేసవిలో మూసిన గాజుపెట్టె మొక్కను ఉడికించివేయగలదు కూడ. కాని అందులోని సూత్రం మనకు ఉపయోగిస్తుంది. కుండీలను ఒంటరిగా ఒక్కొక్క మూల పెట్టక, నాలుగైదింటిని ఒకచోట చేర్చితే, అవి విడిచే తేమ ఒకదానికొకటి కొంత తోడ్పడుతుంది. కుండీల క్రింద వెడల్పాటి పళ్లెంలో ఇసుక పోసి, నీరు నిలువకుండ తడిపి ఉంచడం మరొక ఉపాయం.

ఇక రంగు సంగతి. ఆకు పచ్చగా ఉండడానికి కారణం పత్రహరితం. ఎరుపు, ఊదా రంగులకు ముఖ్యంగా ఆంథోసయనిన్లు, పసుపు, నారింజ రంగులకు కెరోటినాయిడ్లు కారణం. తెల్లమచ్చ ఉన్న చోట పత్రహరితం దాదాపు ఉండదు. మొక్కకు ఆహారం తయారు చేసేది పత్రహరితమే కాబట్టి, తెలుపు ఎక్కువైన మొక్కకు సంపాదన తక్కువ. అది నెమ్మదిగా పెరుగుతుంది, పచ్చని మొక్కకంటె ఎక్కువ వెలుతురు కోరుతుంది. క్రోటన్, కోలియస్ వంటివాటిలో వెలుతురు తగ్గినకొద్దీ కొత్త ఆకులు రంగు తగ్గి, పచ్చగా వస్తవి. కొన్న తరువాత రంగు పోయినదంటే నర్సరీవారు మోసం చేసినారని అనుకొననక్కరలేదు. చాలా సందర్భాలలో ఆ మొక్క వెలుతురు అడుగుతున్నదని అర్థం. తెల్లచారల మొక్కలో పూర్తి పచ్చని కొమ్మ బయలుదేరితే దానిని మొదటికి కత్తిరించవలె. లేకపోతే బలమైన ఆ కొమ్మే మొక్కనంతటినీ ఆక్రమిస్తుంది.

అందుచేత మొక్క కొనడానికి పోయేముందు ఇంటిలోని వెలుతురును కొలుచుకొనవలె. ఇందుకు యంత్రమేమీ అక్కరలేదు. ఉదయం పది గంటల వేళ, మొక్క పెట్టదలచిన చోట ఒక తెల్లకాగితం పరచి, దానికి ఒక అడుగు ఎత్తున అరచేయి చాచండి. వ్రేళ్ల నీడ అంచులతోసహా స్పష్టంగా పడితే అది మంచి వెలుతురు. నీడ మసకగా, అంచులు కలిసిపోయి కనిపిస్తే మధ్యరకం. నీడే తెలియకపోతే అది చీకటి మూల. మన కంటికి గది అంతా ఒకే విధంగా వెలుగుతున్నట్లు తోస్తుంది. నిజానికి కిటికీనుంచి నాలుగైదడుగులు లోపలికి పోయేసరికి వెలుతురు చాలా తగ్గిపోతుంది.

కిటికీ ఏ దిక్కున ఉన్నదో కూడ చూడవలె. తూర్పు కిటికీ అన్నిటికంటె ఉత్తమం. లేత ఎండ పడుతుంది, మధ్యాహ్నానికి నీడ వస్తుంది. ఉత్తరపు కిటికీనుంచి నిలకడైన వెలుతురు వస్తుంది. దక్షిణపు కిటికీలో మార్గశిర, పుష్య మాసాలలో ఎండ గదిలోపలిదాకా వస్తుంది, నడివేసవిలో రాదు. పడమటి కిటికీ చైత్రంనుంచి జ్యేష్ఠందాకా పనికిరాదు. ఆ గోడ వేడికే ఆకు అంచులు మాడిపోగలవు.

మంచి వెలుతురు గల చోటికి, వసారాకు క్రోటన్, కోలియస్, ఊదారంగు అడుగు గల రియో, ఎర్రాకుల కార్డిలైన్ తగినవి. క్రోటన్‌కు, కార్డిలైన్‌కు ఉదయపు ఎండ కొన్ని గంటలపాటు తగిలితే రంగు తేలుతుంది. మధ్యరకం వెలుతురుకు ఎర్ర అగ్లోనిమా, కలాడియం, పసుపు మచ్చల మనీప్లాంటు సరిపోతవి. వెలుతురు తక్కువైన చోటికి పసుపు అంచుల స్నేక్ ప్లాంటు, బూడిద మచ్చల పచ్చ అగ్లోనిమా ఓర్చుకొంటవి. ఓర్చుకొనడమే గాని, అక్కడ అవి విరివిగా పెరుగుతవని ఆశించరాదు. నీడే పడని మూలలో మొక్క తప్పక కావలెనంటే, రెండు కుండీలు ఉంచుకొని, వారానికొకటి చొప్పున కిటికీ వద్దకు మార్చుతూ ఉండవలె. కలాతియా, రెక్స్ బిగోనియా ఆకులు చూడ ముచ్చటైనవే. కాని మెట్ట ప్రాంతపు వేసవిలో వాటి అంచులు గోధుమరంగుకు తిరిగి ఎండుతవి. కొత్తగా ప్రారంభించేవారు వాటిని కొనకపోవడమే మేలు.

కొనేటప్పుడు ఎత్తైన మొక్కను కాక, గుబురైన మొక్కను ఎన్నుకొనండి. ఆకు అడుగున, కణుపులవద్ద దూదిపింజలవలె పిండినల్లి ఉన్నదేమో తిప్పి చూడండి. ఇంటికి తెచ్చిన మొక్కను వెంటనే మిగిలిన కుండీలలో కలపక, రెండు వారాలు విడిగా, వసారా నీడలో ఉంచండి. క్రోటన్ చోటు మారగానే అడుగు ఆకులు రాల్చడం సహజం. అప్పుడు కంగారుపడి నీరు, ఎరువు ఎక్కువ చేయవద్దు.

ఇంటి మొక్కలు నీరు చాలక చనిపోవడంకంటె, నీరు ఎక్కువై చనిపోవడమే తరచు. వేళ్లకు నీటితోపాటు గాలి కూడ కావలె. మట్టి ఎల్లప్పుడు తడిసి ముద్దగా ఉంటే, రేణువుల నడుమ గాలికి చోటుండదు. వేళ్లు కుళ్లుతవి. కుళ్లిన వేళ్లు నీరు పీల్చలేవు కాబట్టి ఆకులు వాడుతవి. వాడిన ఆకు చూచి, దాహమనుకొని మనం మరొక చెంబెడు పోస్తాము. దానితో మొక్క పని తీరుతుంది. మనం శ్రద్ధ అనుకొన్నదే దానికి శత్రువైనది. కాబట్టి రోజు లెక్కన నీరు పోయరాదు. చూపుడువ్రేలు రెండు కణుపుల లోతున మట్టిలోకి గుచ్చి చూడండి. తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే కుండీ అడుగునుంచి కారేదాకా పోయండి. స్నేక్ ప్లాంటుకు మట్టి పూర్తిగా ఎండిన తరువాతనే నీరు.

కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. మట్టికుండీ త్వరగా ఆరుతుంది, ప్లాస్టిక్ కుండీ ఆలస్యంగా ఆరుతుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, కొంచెం కొబ్బరిపొట్టు చేర్చితే చాలును. యూరియా జోలికి పోవద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు పెద్దదవుతుంది గాని రంగు తగ్గుతుంది. రెండు నెలలకొకసారి గుప్పెడు వానపాముల ఎరువు చాలును. బోరునీటిలో లవణాలు ఎక్కువైతే మట్టిపై తెల్లని పొర కడుతుంది, ఆకు కొనలు ఎండుతవి. డ్రసీనా జాతి ఫ్లోరైడుకు కూడ ఓర్వలేదు. అటువంటి నీరున్న ఇండ్లలో వాననీరు పట్టి, మూతపెట్టి ఉంచుకొని మొక్కలకు వాడవచ్చును.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతవని మన పెద్దలన్నారు. ఆ దినాలలో ఈ ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటడం సాధారణమే. అప్పుడు కుండీలను పడమటి గోడకు దూరంగా, నేలమీదికి దించండి. కూలరు, ఏసీ గాలి సూటిగా తగలనీయవద్దు. కుండీ మార్చడం, కొమ్మలు కత్తిరించడం మృగశిర ప్రవేశించి, చినుకులు పడిన తరువాతనే చేయవలె. పొడివేడిలో ఎర్రనల్లి పడుతుంది. తడిగుడ్డతో ఆకు రెండువైపులా తుడవడం, కొంచెం సబ్బు కలిపిన వేపనూనె ద్రావణం సాయంత్రంవేళ చల్లడం దానికి విరుగుడు.

ఇవి ఇంటి నడుమ పెరిగే మొక్కలు గనుక, ఇంటివారి క్షేమం కూడ ఆలోచించవలె. అగ్లోనిమా, కలాడియం, మనీప్లాంటు, డీఫెన్‌బాకియా, ఇవన్నీ మన కంద, చేమల కుటుంబానికి చెందినవి. కందకు దురద ఎట్లా వస్తుందో వీటికీ అట్లే. కాల్షియం ఆక్సలేట్ సూదులు వీటి ఆకులలో ఉంటవి. పసివాడు నమిలితే నోరు మండి, వాచవచ్చును. నోరు తుడిచి, చల్లని నీటితో పుక్కిలింపజేసి, వైద్యునికి చూపవలె. వాంతి చేయించరాదు. పాకే పిల్లలున్న ఇండ్లలో వీటిని అందనంత ఎత్తున ఉంచడం అవసరం. ఇక కుండీ క్రింది పళ్లెంలో, మనీప్లాంటు సీసాలో నిలిచిన నీరు డెంగ్యూ దోమకు పుట్టినిల్లు. గుడ్డు దోమ కావడానికి వారం పది దినాలు చాలును. గుడ్లు ఎండిన పళ్లెపు అంచుకు అంటుకొని నెలల తరబడి బతకగలవు. కాబట్టి వారానికొకనాడు నీరు పారబోయడమే గాక, అంచులు గట్టిగా తోమవలె.

ఈ మొక్కలు గదిలోని గాలిని శుద్ధి చేస్తవని చెప్పి అమ్మడం పరిపాటి అయినది. ఈ మాటకు మూలం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ప్రకటించిన ప్రయోగాలు. అవి మూసిన చిన్న పెట్టెలలో జరిగినవి. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటువంటి ప్రయోగాలన్నిటినీ సమీక్షించి, మామూలు ఇంటిలో గాలి రాకపోకల వలన కలిగే శుద్ధిని మొక్కలవలన పొందాలంటే చదరపు మీటరుకు పదినుంచి వేయి మొక్కలు కావలసి ఉంటుందని తేల్చినారు. గాలి కోసం కిటికీ తెరవండి. మొక్కను మొక్క అందం కోసమే పెంచండి.

చివరగా కలాడియం గురించి ఒక మాట. చలికాలం వచ్చేసరికి దాని ఆకులన్నీ పండి పడిపోతవి. చనిపోయినదని కుండీ పారవేయవద్దు. దుంప నిద్రపోతున్నదంతే. నీరు మాని, కుండీని నీడన ఉంచితే, వేడి మొదలైన తరువాత తిరిగి చిగురిస్తుంది. కోలియస్ కొమ్మ నాలుగంగుళాలు తుంచి తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాలలో వేళ్లు పట్టుతుంది. మొదటిసారి మొక్క పోగొట్టుకొని విసిగినవారు, ఖరీదైనది కొనడానికి మారుగా, పొరుగింటినుంచి అటువంటి కొమ్మ ఒకటి అడిగి తెచ్చుకొని, తూర్పు కిటికీలో పెట్టి చూడవచ్చును. ఖర్చు ఏమీ లేదు. అది చిగురు తొడిగిననాడు హస్తవాసి మాట ఆ ఇంటిలో మరి వినిపించదు.