విలియం ఎన్‌గిడి అడిగిన ప్రశ్న



ఈ రోజు పట్టా అందుకుంటున్న మీలో చాలామంది కొద్ది రోజుల్లో ఏదో ఒక సంఘంలో ఉంటారు. వెళ్లగానే సండే స్కూల్ మీ చేతిలో పెడతారు. బాప్తిస్మానికో, కన్ఫర్మేషన్‌కో సిద్ధపడే పిల్లల తరగతి కూడా మీకే అప్పగిస్తారు. ఆ తరగతిలో వెనక బల్ల మీద కూర్చున్న ఎవరో ఒకరు చెయ్యెత్తి, ‘అయ్యగారూ, ఇది నిజంగా జరిగిందా?’ అని అడుగుతారు. ఆ క్షణంలో మీరేం చేస్తారన్నదే నా ప్రసంగ విషయం.

ఆ ప్రశ్న మన పిల్లలకే కొత్తగా పుట్టింది కాదు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1853లో జాన్ విలియం కొలెన్సో అనే ఆంగ్లికన్ వ్యక్తి బిషప్ అయ్యారు. అంతకుముందు ఇంగ్లండులో ఆయన లెక్కల మాస్టారు. ఆయన రాసిన అంకగణితం పుస్తకాలు అక్కడి బడుల్లో బాగా చెలామణిలో ఉండేవి. నటాల్‌లో ఆయన జులూ భాష నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేసి, బైబిలును జులూలోకి తెచ్చే పనికి పూనుకున్నారు. ఆ పనిలో ఆయనకు తోడుగా ఉన్నవాడు విలియం ఎన్‌గిడి అనే జులూ క్రైస్తవుడు. జలప్రళయం కథ దగ్గరికి వచ్చేసరికి ఎన్‌గిడికి సందేహం వచ్చింది. వేడి దేశాల్లోనూ చలి దేశాల్లోనూ ఉండే జంతువులన్నీ జంటలుగా ఒకే ఓడలోకి ఎలా చేరాయి, వాటన్నిటికీ మేత నోవహు ఎలా సమకూర్చాడు, మీరు నిజంగా ఇది నమ్ముతున్నారా అని బిషప్‌నే సూటిగా అడిగాడు.

కొలెన్సోకు భూగర్భశాస్త్రం కొంత తెలుసు. అలాంటి ప్రళయం భూమి మొత్తాన్నీ ముంచిందని చెప్పడానికి ఆధారం లేదని తెలుసు. ఎదురుగా కూర్చున్న మనిషి తన మాటను నమ్ముతాడనీ తెలుసు. దేవుని పేరు చెప్పి ఈ మనిషితో అబద్ధమాడలేకపోయానని 1862లో అచ్చయిన తన పుస్తకం ముందుమాటలో ఆయనే రాసుకున్నారు. ఆ పుస్తకంలో లెక్కల మాస్టారి కన్నుతో పంచకాండాలను పరిశీలించారు. యుద్ధానికి పనికొచ్చే మగవాళ్లే ఆరు లక్షలమంది ఉన్న సమాజం ఎడారిలో ఎంత మేర గుడారాలు వేసుకోవాలి, ప్రత్యక్ష గుడారపు వాకిట్లో అంతమంది ఎలా నిలబడతారు అని లెక్కవేశారు. ఇంగ్లండులో గగ్గోలు లేచింది. కేప్‌టౌన్ బిషప్ రాబర్ట్ గ్రే 1863లో విచారణ జరిపి ఆయనను పదవినుంచి తొలగిస్తున్నట్టు తీర్పు చెప్పారు. ఆ తీర్పు చెల్లదని 1865లో ఇంగ్లండులోని అప్పీళ్ల న్యాయస్థానం ప్రీవీ కౌన్సిల్ తేల్చింది.

కొలెన్సో లెక్కలన్నిటినీ మీరు ఒప్పుకోవాలని నేననడం లేదు. ఆరాధనలో పుట్టిన కథనాన్ని కూడా కొన్నిచోట్ల ఆయన కొలతబద్దతోనే కొలిచారు. నా మనసును పట్టి ఉంచేది ఆ తరవాతి ఆయన జీవితం. 1873-74లో హ్లుబి తెగ పాలకుడు లంగలిబలెలేను అన్యాయంగా శిక్షించినప్పుడు ఆయన పక్షాన నిలబడిన తెల్లవాళ్లు బహుకొద్దిమంది. వాళ్లలో ముందున్నది కొలెన్సో. 1879లో బ్రిటిష్ సైన్యం జులూ రాజ్యం మీద పడినప్పుడు అది అన్యాయపు యుద్ధమని బహిరంగంగా ప్రకటించిందీ ఆయనే. జులూలు ఆయనను తమ ప్రజల తండ్రిగా పిలుచుకున్నారు. తరగతిలో ఒక్క శిష్యుడితో అబద్ధమాడలేని మనిషి, ఆ శిష్యుడి జాతి గురించి ప్రభుత్వం చెప్పిన అబద్ధాన్నీ సహించలేకపోయాడు. ఈ రెండూ వేరువేరు సంగతులని నేను అనుకోను.

ఇప్పుడు చీరాలలోనో జహీరాబాదులోనో మన సండే స్కూల్‌కు వద్దాం. ఎనిమిదో తరగతి అమ్మాయి అదే ప్రశ్న అడుగుతుంది. మనం ఏమంటాం? ‘అలా అడగకూడదమ్మా, సాతాను అడిగిస్తాడు’ అంటాం. లేదంటే ‘కంఠత వాక్యం వచ్చిందా, అది అప్పజెప్పు’ అంటాం. ఆ పిల్ల ఊరుకుంటుంది. క్రిస్మస్ నాటికలో దేవదూత వేషం వేస్తుంది, సెలవుల బైబిలు బడిలో (వి.బి.ఎస్.) బహుమతి తెచ్చుకుంటుంది. ఇంటర్‌కు హాస్టలుకు వెళ్లాక ఆదివారం గుడికి వెళ్లడం మానేస్తుంది. లోకంలో పడి చెడిపోయిందని సంఘపెద్దలు అనుకుంటారు. అడిగినరోజు ఆమెకు ఎవరూ జవాబు చెప్పలేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

మీరైతే జవాబు చెప్పగలరు. ఇక్కడ మీరు చదివింది అదే. 1872లో జార్జ్ స్మిత్ బ్రిటిష్ మ్యూజియంలో చదివిన మట్టిపలక గురించి మీకు తెలుసు. బబులోను వాళ్లకూ జలప్రళయం కథ ఉందని, ఆ ప్రాంతపు పాత కథల్లో ఒకదానిలో మనుషుల గోల భరించలేక దేవతలు ప్రళయం రప్పించారని మీకు తెలుసు. ఆ పక్కన ఆదికాండం పెట్టి చూస్తే అక్కడ దేవుణ్ణి నొప్పించింది మనుషుల గోల కాదు, భూమి నిండా పెరిగిన దౌర్జన్యం. ఇదే ఆ పిల్లతో చెప్పండి. భూమి అంతా మునిగిందనడానికి శాస్త్రజ్ఞులకు ఆధారం దొరకలేదని చెప్పండి, మన పూర్వికులు ఆ కథను ఎందుకు తిరగరాసి చెప్పుకున్నారో కూడా చెప్పండి. నాకు తెలిసింది ఇంత, తెలియంది ఇంత అని చెప్పండి. ఆ పిల్ల విశ్వాసం కూలిపోదు. తాను అడిగిన మాటను ఒక పెద్దమనిషి పట్టించుకున్నాడని ఆమెకు జీవితాంతం గుర్తుంటుంది.

ఇక్కడ నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఒకటి చెప్పాలి. పంచకాండాల వెనుక ఉన్న మూలాల గురించి మీరు పేజీలకు పేజీలు పరీక్ష రాశారు. మార్కు సువార్త చివరి 12 వచనాలు సినాయిటికస్, వాటికానస్ వంటి అతి ప్రాచీన ప్రతుల్లో లేవని రాసి మార్కులు తెచ్చుకున్నారు. చాలామంది ఆ నోట్సును పట్టాతోపాటు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ప్రసంగ పీఠం మీద ఆ చదువు ఛాయ కూడా కనబడదు. పాస్టరుకు ఒక బైబిలు, సంఘానికి ఇంకో బైబిలు ఉన్నట్టు బతుకుతాం. కానీ ఇవాళ ఆ సంగతులన్నీ సంఘంలోని కుర్రవాడి ఫోన్‌లోనే ఉన్నాయి. అవి చూసినరోజు అతను మార్కు సువార్త మీద కోపం తెచ్చుకోడు, మా అయ్యగారికి ఇది తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు అనుకుంటాడు. ఆ అనుమానానికి మందు లేదు.

సందేహాన్ని పాపమనే అలవాటు మనకు ఎక్కడినుంచి వచ్చిందో గాని, గ్రంథంనుంచి మాత్రం రాలేదు. యోబును చూడండి. దేవుణ్ణి నిలదీసింది యోబు, దేవుని తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడింది ముగ్గురు స్నేహితులు. చివరికి దేవుడు ఎవరి మాట సరైనదన్నాడో మీకు తెలుసు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని తీసేయాలని ఏ సంకలనకర్తకూ తోచలేదు. మత్తయి సువార్త చివర గలిలయ కొండమీద శిష్యులు పునరుత్థానుడైన ప్రభువుకు మొక్కిన మాట చెప్పి, కొందరు సందేహించారని సువార్తికుడు దాచకుండా రాశాడు. వాళ్లను పక్కకు తప్పుకోమని ప్రభువు అనలేదు. సమస్త జనులకూ బోధించండి అన్న ఆజ్ఞ ఆ సందేహించినవాళ్లకూ కలిపే ఇచ్చాడు. మీకున్న బోధనాధికారం ఆ కొండమీద ఇచ్చినదే. ఇక తోమా. మనకు ఆయన సందేహించిన ఒక్కరోజే గుర్తు. ప్రభువుతో కలిసి చనిపోదాం పదండని యూదయ వైపు ముందడుగు వేసింది ఆయనే. నీవెళ్లే దారి మాకు తెలియదని భోజనాల బల్ల దగ్గర ధైర్యంగా అన్నదీ ఆయనే. అడగబట్టే ప్రభువు ‘నేనే మార్గం’ అన్న జవాబు చెప్పాడు. మన దేశానికి సువార్త తెచ్చాడని కేరళ, మైలాపూరు క్రైస్తవులు తరతరాలుగా చెప్పుకునే అపొస్తలుడు కూడా ఈ తోమానే.

మతవిద్య చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠ్యపుస్తకం తోమస్ అక్వినాస్ రాసిన సుమ్మా థియొలాజికా. అది ఆయన పండితులకోసం మొదలుపెట్టింది కాదు, కొత్తగా చదువుకునేవాళ్లకోసం. అందులో ప్రతి అంశమూ ఎదుటివాడి అభ్యంతరాలతో ప్రారంభమవుతుంది. దేవుడున్నాడా అన్న చోట మొదట నిలబెట్టిన వాదాలు రెండు. మంచి దేవుడే ఉంటే ఇంత చెడు ఎందుకుంది అన్నది ఒకటి. ప్రకృతితోనే అన్నిటికీ కారణం చెప్పగలిగినప్పుడు దేవుడి అవసరం ఏమిటి అన్నది రెండోది. ఏడు వందల ఏళ్లు గడిచినా నాస్తికులు ఇంతకన్నా బలమైన వాదాలు ఎన్నో తేలేదు. వాటిని దాచకుండా, వెక్కిరించకుండా, విద్యార్థి ముందు పెట్టి ఆ తరవాతే తన జవాబు చెప్పాడు. మన సండే స్కూల్ టీచర్ల శిక్షణలో ఈ పద్ధతి ఒక్కటి నేర్పితే చాలునని నా గట్టి నమ్మకం.

మన తెలుగు నేలమీద ఈ మాట ఇంకొంచెం బరువుగా చెప్పాలి. గుఱ్ఱం జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. దేవాలయంలో అడుగుపెట్టనివ్వని మనిషి గబ్బిలంతో కాశీలోని శివుడికి కబురు పంపినట్టు 1941లో కావ్యం రాశాడు. పురాణ కథలతో కవిత్వం చెబుతున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయనను దూరం పెట్టారు. అటు అగ్రవర్ణ పండితులు కులం పేరిట అవమానించారు. ఆయనే చివరికి క్రీస్తు చరిత్ర రాశాడు. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆయన కుమార్తె హేమలత నాస్తికుడు గోరా ఇంటికి కోడలిగా వెళ్లి, భర్త లవణంతో కలిసి స్టూవర్టుపురంలో నేరస్థులుగా ముద్రపడినవాళ్ల మధ్య, జోగినీ దురాచారానికి బలైన స్త్రీల మధ్య పనిచేసింది. దేవుణ్ణి నమ్మని ఆ ఇంటి కోడలు అణగారినవాళ్లకు చేసిన సేవ చూసి మన సంఘాలు తలవంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. 1981లో బెంగళూరు యునైటెడ్ థియోలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ లేచి, భారతీయ క్రైస్తవ థియాలజీ అంతా అగ్రవర్ణాల నుంచి వచ్చినవాళ్ల ఆలోచనే కదా, అందులో మన అనుభవం ఎక్కడుంది అన్న అర్థంలో నిలదీశారు. దళిత థియాలజీకి దారి తెరిచింది ఆ అనుమానమే. మాల సంఘం, మాదిగ సంఘం వేరుగా ఉన్న ఊళ్లలో మీరు పనిచేయబోతున్నారు. ఒకే బల్లలో పాలుపొందుతున్నాం గదా, మరి సంబంధాలు ఎందుకు కలుపుకోం అని ఒక కుర్రవాడు అడిగితే, వాడి నోరు మూయించడం వాక్యాన్ని కాపాడటం కాదు.

స్వస్థత కూటాల గురించి ఒక్క మాట. ప్రార్థన చేయండి, నూనె రాయండి, రాత్రంతా మేలుకోండి. కానీ ఇన్సులిన్ మానేయమని, టీబీ మందులు ఆపేయమని వేదిక మీదినుంచి ఎవరైనా అంటే అక్కడ సందేహించడం మీ కాపరి ధర్మం. అలా ఆగి పరీక్షించడం మన సంఘాల్లో కొత్త కాదు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కల్పించి వేలమందికి కూలి దొరికేలా చూశారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారా, విశ్వాసంతో వస్తున్నారా అన్నది తేలాలని ఆగారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడానికి ముందు అంత నిగ్రహం ఉంది. సంఖ్యలు చెప్పుకునే మనం ఆ ఆగడం గురించి చెప్పుకోం.

చివరిగా మీ సొంత సందేహాల మాట. వస్తాయి. చిన్నపిల్ల శవపేటిక ముందు నిలబడినరోజు వస్తాయి. ఏ కారణమూ లేకుండా మామూలు మంగళవారం మధ్యాహ్నం కూడా వస్తాయి. మదర్ తెరెసా తన లోపల ఉన్న చీకటి గురించి రాసిన ఉత్తరాలు 2007లో అచ్చయ్యాయి. దాదాపు యాభై ఏళ్లు ఆమె ఆ చీకటితోనే పనిచేసింది. 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించినప్పుడు ఆ ఉత్తరాలు అడ్డు రాలేదు. కానీ ఆమె ఆ మాటలు ఒంటరిగా మోయలేదు, తన ఆత్మీయ మార్గదర్శకులకు చెప్పుకుంది. సంఘం ముందు విప్పలేని సంగతి విప్పుకోవడానికి మీకూ ఒక మనిషి కావాలి. పల్లెటూరి పాస్టరు ఇంట్లో ఆ మనిషి దొరకడం కష్టం.

అందుకని బోధకులకు ఒక విన్నపం. వీళ్లు పట్టా తీసుకున్నారు గదా అని వదిలేయకండి. వారం మధ్యలో ఎప్పుడో ఫోన్ చేసి, ‘సార్, ఫలానా పిల్ల ఇలా అడిగింది, ఏం చెప్పను?’ అంటే, క్లాసులో ఉన్నట్టే ఓపికగా మాట్లాడండి. పట్టభద్రులకు ఒక పని. ఈ మధ్యాహ్నం భోజనాలకు లేచేలోపు మీ బ్యాచ్‌లో ఒకరి దగ్గరికి వెళ్లి, నాకు నమ్మకం సన్నగిల్లిన రోజున నీకే చెప్పుకుంటాను, నీకు అలాంటి రోజు వస్తే నాకు చెప్పు అని ఇప్పుడే మాట తీసుకోండి.