ఐదు దిమ్మలు తూచి 200 దిమ్మల లెక్క చెప్పగలమా?

ఈరోజు మన స్టాటిస్టిక్స్ క్లాసు అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటని మీకు తెలిసిందే కదా.

ఒక రైతు 200 దిమ్మలు తెచ్చాడనుకుందాం. అన్నీ తూచే టైం లేదు. ఐదే తూచి మొత్తం బరువు చెప్పాలి. ఆ 200 దిమ్మలూ పాపులేషన్, తూచిన ఐదూ శాంపిల్. పాపులేషన్ సగటుని మ్యూ అంటాం, అది మనకి తెలీదు. శాంపిల్ సగటు ఎక్స్ బార్. దీంతోనే మ్యూని అంచనా వేస్తాం.

ఐదు తూకాలూ 13, 15, 14, 17, 16 కేజీలు వచ్చాయి. కూడితే 75, సగటు 15. అంటే 200 దిమ్మలకి సుమారు 3000 కేజీలు.

ఆగండి, ఆ ఐదింటినీ ఎలా తీశారు? చేతికందినవి తీస్తే కుదరదు. పైన చిన్నవి ఉంటే రైతుకి నష్టం, పెద్దవి ఉంటే కొనేవాళ్లకి నష్టం. ప్రతి దిమ్మకీ సమాన ఛాన్స్ ఉండాలి. నంబర్లు వేసి చీటీలు తీయడమే మంచిది.

ఇప్పుడు స్టాండర్డ్ డీవియేషన్, తెలుగు మీడియం వాళ్లకి క్రమవిచలనం. సగటు నుంచి తేడాలు: మైనస్ 2, 0, మైనస్ 1, 2, 1. వర్గాలు కూడితే 10. దీన్ని 5తో కాదు, 4తో భాగించాలి. 2.5 వస్తుంది. దాని వర్గమూలం 1.58 కేజీలు.

చాలామందికి డౌట్ ఇక్కడే: తూచింది ఐదు కదా, 4 ఎందుకు? అసలు సగటు 16 అనుకోండి. అక్కడి నుంచి తేడాల వర్గాలు కూడితే 15 వస్తుంది, 10 కాదు. 15 అనే సగటు ఈ ఐదు దిమ్మల నుంచే పుట్టింది కాబట్టి వాటికి మరీ దగ్గరగా ఉంటుంది. అందుకే తేడాలు తక్కువ కనిపిస్తాయి. ఆ లోటు సర్దడానికే ఎన్ మైనస్ 1.

మరి మన 15ని ఎంత నమ్మొచ్చు? 1.58ని రూట్ 5తో భాగిస్తే సుమారు 0.7 కేజీ. ఇదే స్టాండర్డ్ ఎర్రర్. దిమ్మకి 0.7 అంటే చిన్నదే అనిపిస్తుంది. 200 దిమ్మల మీద 140 కేజీలు! అది రైతు డబ్బు. ఆ తేడా సగానికి తగ్గాలంటే పది దిమ్మలు చాలవు, సుమారు ఇరవై తూచాలి.

శాంపిల్‌తో వేసే అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో 1945లో హద్దు చెప్పినవారిలో మన సి.ఆర్. రావు గారు ఒకరు. ఇక్కడికి దగ్గర్లోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మ్యాథ్స్ ఎమ్మే చదివారు.

ఇప్పుడు మీ వంతు. మూడు దిమ్మలు: 12, 14, 16 కేజీలు. శాంపిల్ క్రమవిచలనం ఎంతో కామెంట్‌లో పెట్టండి. 1.63 వచ్చిందా? అయితే 3తో భాగించేశారన్నమాట! మళ్లీ చేయండి. ఉంటాను.