చూడటానికీ తీసుకోవడానికీ నడుమ



న్యాయవాదిని గనుక కోర్టు సంగతులు చెబుతానని మీరు అనుకొని ఉంటారు. ఈ రోజు కంప్యూటరు లోపల జరిగే ఒక సరిహద్దు తగాదా గురించి మాట్లాడబోతున్నాను. అది నా వృత్తికి దూరమైనది కాదని చివరకు మీరే ఒప్పుకుంటారు.

కొన్నేళ్ల కిందట నా కార్యాలయంలో కక్షిదారుల కథనాలను తెలుగులోనే టైపు చేయించి ఒకే కంప్యూటరులో దాచేవాళ్లం. గుమాస్తాలు ఇద్దరు ఒకేసారి దానిలోకి ఎక్కించేవారు. ఒకనాడు ఒక పెద్దావిడ భూమి దావా ఫైలు తెరిచాను. సగం దాకా ఆమె మాటలే ఉన్నాయి. ఆపైన వాక్యం నడుమ తెగిపోయి, మరో ఊరి ఇంటి అద్దె తగాదా మొదలైంది. తన తండ్రి నాటించిన గట్టురాళ్ల గురించి ఆమె చెప్పిన భాగం లేదు. అప్పటికే ఆమె కన్నుమూసింది. కాగితం మీద ప్రతి తీయించి ఉంచలేదు. ఆ తప్పు నాది.

ఒక ఇంజనీరు మిత్రుడు డిస్కును పరీక్షించి, ఒకే చోటును రెండు ఫైళ్లు తమదని చెప్పుకొంటున్నాయని తేల్చాడు. ఇలా జరగడానికి కారణాలు ఒకటికన్న ఎక్కువ ఉండవచ్చు. వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినదాన్నే మీకు వివరిస్తాను. దాన్ని ఆ రంగంవారు రేస్ కండిషన్ అంటారు. ఇద్దరి పరుగుపందెం అనుకోండి.

డిస్కును బ్లాకులనే చిన్న చిన్న తావులుగా విభజిస్తారు. లినక్స్‌లో బాగా వాడుకలో ఉన్న ఈఎక్స్‌టి కుటుంబపు ఫైల్ సిస్టముల్లో ఒక బ్లాకు సాధారణంగా 4,096 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి 3 బైట్లు కావాలి. అంటే ఒక బ్లాకులో సుమారు 1,365 సంకేతాలు పడతాయి. ఒక మనిషి కథనానికి ఇలాంటి బ్లాకులు ఎన్నో కావలసి వస్తాయి.

ఏ బ్లాకు ఖాళీ, ఏది నిండినది అని చెప్పే చిట్టాను బిట్‌మ్యాప్ అంటారు. ఆ చిట్టాకు ఒక బ్లాకు కేటాయిస్తారు. అందులోని 32,768 బిట్లు 32,768 బ్లాకులకు లెక్క చెబుతాయి. ఇది 128 మెగాబైట్ల విస్తీర్ణం గల ఒక సముదాయం. సున్న ఉంటే ఖాళీ, ఒకటి ఉంటే నిండినది. మన కరణాల అడంగల్ లాంటిదే ఇది.

ఇప్పుడు చిక్కు చూడండి. ఇద్దరు గుమాస్తాల పనులు ఒకే క్షణంలో ఈ చిట్టా దగ్గరకు వచ్చాయి. మొదటిది చూసింది: 5,000వ బ్లాకు ఖాళీ. ఇంకా ఒకటి వేయలేదు. ఆలోగా రెండవది చూసింది: అదే బ్లాకు ఖాళీ. తరువాత మొదటిది ఒకటి వేసింది, రెండవదీ ఒకటి వేసింది. ఒకటి మీద ఒకటి వేస్తే ఒకటే మిగులుతుంది. చిట్టాలో కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు, తగాదా జరిగిన ఆనవాలే లేదు.

ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మిన దావాలు నేను చాలా చూశాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 48వ సెక్షన్ ప్రకారం, ఒకే ఆస్తిపై వేర్వేరు కాలాల్లో హక్కులు కల్పిస్తే తరువాతి హక్కు ముందటి హక్కుకు లోబడి ఉండాలి. ముందు వచ్చినవాడికి చట్టం అండగా నిలుస్తుంది. డిస్కులో న్యాయం తలకిందులు. ఎవరు చివర రాస్తే వారి మాటే మిగులుతుంది. ముందు రాసినవాడు తాను పోగొట్టుకున్న సంగతి కూడా ఎరుగడు.

దీనికి మందు ఏమిటి? చూడటం, తీసుకోవడం రెండు పనులుగా ఉండరాదు. అవి విడదీయరాని ఒకే పని కావాలి. అందుకు మొదట ఫైల్ సిస్టము మొత్తానికి ఒకే తాళం వేశారు. ఒకరు చిట్టా చూస్తుంటే మిగిలినవారంతా వాకిట్లో నిలబడాలి. ఇందులో భద్రత ఉంది, కానీ ప్రాసెసర్లు పెరిగేకొద్దీ ఆ వరుస భారమైంది. 2003లో లినక్స్ 2.5 అభివృద్ధి కాలంలో ఈఎక్స్‌టి2, ఈఎక్స్‌టి3లలో ఒక్కొక్క సముదాయానికి ఒక్కొక్క చిన్న తాళం పెట్టారు. ఖాళీ బ్లాకును తాళం లేకుండానే వెదకవచ్చు. కానీ దాన్ని సొంతం చేసుకొనే క్షణంలో తాళం పట్టి, ఒకటి వేస్తూనే ‘ఇంతకుముందు ఇక్కడ ఏముంది?’ అని అడగాలి. సున్న అని జవాబు వస్తే బ్లాకు మనది. ఒకటి అని వస్తే ఎవరో ముందే తీసుకున్నారు. మరో బ్లాకు వెదుక్కోవాలి. వెదకినంత మాత్రాన హక్కు రాదు, ఆ జవాబుతోనే వస్తుంది.

మరొక జాగ్రత్త కూడా ఉంది. ఈఎక్స్‌టి3లో ఒక ఫైలును చెరిపితే దాని బ్లాకులను ఆ క్షణమే వేరొకరికి ఇవ్వరు. చెరిపివేత జర్నల్‌లో పూర్తిగా నమోదయ్యేదాకా ఆగుతారు. నడుమ కరెంటు పోతే చెరిపిన ఫైలు తిరిగి వస్తుంది. అప్పటికి దాని చోట మరొకరు రాసి ఉంటే ఆ ఫైలు చెడుతుంది. పాత యజమాని దస్తావేజు రద్దు ఖాయం కాకుండా కొత్త యజమానికి తాళంచెవులు ఇవ్వకూడదన్నమాట.

ఇలాంటి తప్పును పట్టడం ఎందుకు కష్టం? అది కోట్ల సార్లలో ఏ ఒక్కసారో జరుగుతుంది. ఆరా తీయడానికి కోడులో రెండు వాక్యాలు చేర్చితే చాలు, వేగం మారి తప్పు మాయమవుతుంది. సాక్షి పోలీసులను చూసి పారిపోయినట్టే.

2023లో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టములో దీనికి దగ్గరి సంఘటన జరిగింది. నకలు తీసిన ఫైళ్లలో అక్కడక్కడ సమాచారానికి బదులు సున్నలు కనిపించాయి. ఆ అక్టోబరులో 2.2.0తో కొత్తగా వచ్చిన బ్లాక్ క్లోనింగ్ మీద అనుమానం పడింది. నవంబరులో 2.2.1 విడుదల చేసి దాన్ని ఆపివేశారు. అయినా తప్పు తగ్గలేదు. ఎన్నో ఏళ్లుగా పాత కోడులోనే దాగిన రేస్ కండిషన్ అసలు దోషి. ఫైలులో డిస్కుకు చేరని మార్పులున్నాయా అని చూసేటప్పుడు ఒక గుర్తునే చూసి రెండవ గుర్తును వదిలేసేవారు. నవంబరు 30న వచ్చిన 2.2.2, 2.1.14 దాన్ని సరిదిద్దాయి. తప్పు బయటపడిననాడు ఎదురుగా కనిపించినవాడే దోషి కానక్కరలేదని నేను కోర్టులో నేర్చుకున్న పాఠం. అక్కడ కూడా అదే రుజువైంది.

చెడిన తరువాత బాగుచేయలేమా? ఈ2ఎఫ్‌ఎస్‌సీకే అనే పరీక్షా కార్యక్రమం రెండు ఫైళ్లు పంచుకున్న బ్లాకులను గుర్తించి, చెరొక ప్రతి చేసి విడదీస్తుంది. తగాదా తీరుతుంది. కానీ రెండు ప్రతులలోనూ ఉండేది చివర రాసినవాడి మాటే. పోయిన మాటను అది తిరిగి తేలేదు.

కాబట్టి మన ఇళ్లలోని పట్టాలు, పుట్టుక పత్రాలు, పెద్దల కథనాలు కంప్యూటరులో పెట్టేవారికి నా మనవి. ఒకే డిస్కును నమ్మకండి. రెండవ డిస్కులో కూడా ప్రతి ఉంచండి. నకలు తీసిన తరువాత ఫైలును తెరిచి చివరిదాకా చూడండి. హాష్ విలువ రాసిపెట్టుకోండి. ఫైలులో ఒక్క అక్షరం మారినా అది మారి హెచ్చరిస్తుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ పత్రాలకు ఇచ్చే ధ్రువపత్రంలోనూ హాష్ విలువ చూపాలి. కాగితం అసలును మాత్రం పారవేయకండి.

ఆ పెద్దావిడ కుమారుడు ఇప్పటికీ ఎప్పుడైనా కలుస్తుంటాడు. ‘అమ్మ ఆ గట్టురాళ్ల గురించి ఏం చెప్పింది సార్?’ అని అడుగుతాడు. గుర్తున్నంతవరకు చెబుతాను. ఆమె చెప్పినట్టు చెప్పలేను. మీ ఇళ్లలో ఎవరికీ ఆ మాట అడిగే అవసరం రాకూడదని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.