నరంలోకి ఎక్కించే భోజనం, లివర్ మీద పడే భారం

ముందే ఒక మాట. జ్వరానికి ఒకట్రెండు రోజులు పెట్టే సెలైన్ గురించి కాదు ఈ ఎపిసోడ్. పేగులు పనిచేయని వాళ్లకి గ్లూకోజ్, అమైనో యాసిడ్స్, కొవ్వు, విటమిన్లు అన్నీ కలిపి పూర్తి భోజనమే రక్తనాళంలోకి ఇస్తారు. దాన్ని టీపీఎన్ అంటారు.

1960ల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్ అనే సర్జన్, ఆయన టీమ్ బీగిల్ కుక్కపిల్లల్ని ఇలాగే పెంచి చూపించారు. తర్వాత పసిపిల్లలకీ ఇచ్చారు. అంతకుముందు పేగు చాలావరకు లేని పిల్లలు పోషణ అందకే చనిపోయేవాళ్లు.

మరి లివర్‌కి ఏమవుతుంది? నోట్లోకి ఏమీ వెళ్లకపోతే, పిత్తరసాన్ని కదిలించమని పేగు నుంచి వెళ్లాల్సిన సిగ్నల్ వెళ్లదు. పిత్తం లివర్‌లోనే నిలిచిపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ లివర్ ఇంకా పచ్చిది. దానికి తోడు లైన్ ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్లు. ఇంకోటి, కొవ్వు కోసం వాడే సోయా నూనె. అందులోని మొక్కల స్టెరాల్స్ పిత్తం కదలికని అడ్డుకుంటాయి.

2000ల్లో బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో ఫార్మసిస్ట్ క్యాథ్లీన్ గురా, సర్జన్ మార్క్ పూడర్ సోయా నూనె బదులు చేప నూనెతో చేసిన ఒమెగావెన్ వాడి చూశారు. చాలామంది పిల్లల్లో కామెర్లు తగ్గాయి. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని ఈ సమస్య ఉన్న పిల్లలకి ఆమోదించింది. అయితే ఇది మాయమందు కాదు. కామెర్లు తగ్గినా లివర్‌లో పడ్డ మచ్చ కొందరిలో అలాగే ఉండిపోతుంది. అందుకే ముందే పట్టుకోవాలి.

మీ ఇంట్లో బిడ్డ ఎన్‌ఐసీయూలో టీపీఎన్ మీద ఉంటే, భయపడి "ఆపేయండి డాక్టర్ గారూ" అనొద్దు. ఆ బిడ్డకి ప్రస్తుతం అదే అన్నం. ఇవి అడగండి: డైరెక్ట్ బిలిరుబిన్ ఎంత, పెరుగుతోందా? ఏ నూనె ఇస్తున్నారు? తల్లిపాలు ఒక్క ఎంఎల్ అయినా మొదలుపెట్టొచ్చా? ఆ కొంచెం పాలే పేగుని పనిలో పెడతాయి. డాక్టర్ సరే అంటేనే సుమా.

కళ్లు పచ్చగా, విరేచనం తెల్లగా సున్నంలా, మూత్రం ముదురుగా కనిపిస్తే వెంటనే చెప్పండి. లైట్ కింద పెడితే తగ్గే కామెర్లు వేరు, ఇవి వేరు. ఇంట్లో పెద్దవాళ్లు పసరు పోయిద్దాం అంటారు, వాళ్లది ప్రేమే. కానీ పేగు ఆపరేషన్ అయిన బిడ్డ నోట్లో పసరు పోయడం ప్రాణం మీదకి తేవడమే. ఆ మాట వాళ్లకి మెల్లగా, కానీ గట్టిగా చెప్పండి.